నలభై మీద ముల్లు

పనిలోంచి తీసేసిన రోజున బాల్‌రాజ్ ఇంటికి పోలేదు. ఎల్బీనగర్ చౌరస్తా వెనక సందులో మెకానిక్ మల్లేశం షెడ్డుకొచ్చి, గోడకు ఆనించిన పాత టైరు మీద కూలబడ్డాడు. మల్లేశం అప్పుడు ఒక ఆటో కింద పడుకుని పని చేస్తున్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనబడుతున్నాయి. బాల్‌రాజ్ తన గోడంతా ఆ కాళ్ళకే చెప్పుకున్నాడు.

వనస్థలిపురంలో ఓ మాదిరి ఇంగ్లీషు మీడియం బడి. దానికి నాలుగు వ్యాన్లు. అందులో అన్నిటికన్నా పాతదాన్ని బాల్‌రాజ్ తొమ్మిదేళ్ళుగా నడుపుతున్నాడు. మంగళవారం సాయంత్రం మీర్‌పేట్‌లో పిల్లల్ని దింపడానికి పోతుంటే మలుపులో గేదె అడ్డమొచ్చింది. గట్టిగా బ్రేకు కొట్టాడు. మూడో తరగతి చదివే సాయిప్రియ ముందు సీటు కమ్మీకి గుద్దుకుంది. కింది పెదవి చీలి రెండు కుట్లు పడ్డాయి. ఆ పిల్ల తండ్రి సీతారాములు సరిగ్గా ఆ సమయానికి స్కూటరు మీద వ్యాను వెనకే వస్తున్నాడు. తన స్కూటరు మీటరు యాభై చూపించిందని, పిల్లల బండిని ఎవడైనా అలా తోలతాడా అని బడికొచ్చి నిలదీశాడు.

బడి యజమాని మల్లికార్జునరావు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళ కింద ఇక్కడ స్థిరపడ్డ లెక్కల మాస్టారు. నియమాల మనిషి. పిల్లలున్న బండి నలభై దాటకూడదని నాలుగు వ్యాన్ల మీటరు అద్దాల మీదా నలభై దగ్గర ఎర్రటి గోళ్ళరంగుతో గీత పెట్టించాడు. బాల్‌రాజ్‌ని పిలిచి అడిగాడు. ముల్లు గీత దాటలేదన్నాడు బాల్‌రాజ్. బుధవారం అడిగితే అదే మాట, గురువారమూ అదే. శుక్రవారం ఇక అడగలేదు, తాళంచెవి ఇచ్చి పొమ్మన్నాడు.

“వేగంగా తోలినందుకైతే ఈసారికి వదిలేద్దును అన్నడన్నా. అబద్ధమాడేవాడి చేతిల పిల్లల్ని పెట్టనన్నడు. నేను అబద్ధం ఆడిన్నా? నా బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్త, ముల్లు నలభై మీదనే ఉండె.”

ఆటో కింద పానా చప్పుడు ఆగిపోయింది.  తర్వాత మల్లేశం వీపు మీద దేకుతూ బయటికొచ్చాడు. ఏభై రెండేళ్ళ మనిషి, లేవడానికి ఆటో చక్రం పట్టుకోవాల్సి వచ్చింది.

“నేను గేర్‌బాక్స్ మార్చినంక బండి ఎట్ల పోతున్నది?” అని అడిగాడు.

ఉద్యోగం పోయి వచ్చినవాణ్ణి అడగాల్సిన ప్రశ్న కాదది. అయినా బాల్‌రాజ్ ముఖం ఒక్క క్షణం తేటపడింది. బండి పువ్వులెక్క పోతున్నదని, ఐదో గేరులో పడితే ఇంజను ఉన్నట్టే తెలవదని చెప్పాడు. మల్లేశం తలూపి, పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. అవి ఎంత తుడిచినా నలుపు పోయే చేతులు కావు.

బాల్‌రాజ్ వెళ్ళిపోయాక మల్లేశం షెడ్డు మూల నుంచి పాత నూనె డబ్బా ఈడ్చుకొచ్చాడు. పనికొస్తాయో లేదో తెలియని ముక్కలన్నీ అందులో కిరసనాయిల్లో నానుతుంటాయి. చెయ్యిపెట్టి దేవాడు. వ్యాను నుంచి విప్పిన పాత గేర్‌బాక్స్ తాలూకు చిన్న పినియన్ దొరికింది. బొటనవేలంత ప్లాస్టిక్ పళ్ళచక్రం. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు చాయ్ రంగుకొచ్చింది. ఒక పంటికి గ్రీజు చుక్క పెట్టి గోటితో లెక్కపెట్టాడు. పదహారు.

బండి నడుస్తుంటే గేర్‌బాక్స్ ఈ చక్రాన్ని తిప్పుతుంది, ఈ చక్రం కేబుల్‌ని తిప్పుతుంది, కేబుల్ మీటరు ముల్లుని లేపుతుంది. పళ్ళు తక్కువుంటే ముల్లు తొందరగా లేస్తుంది, ఎక్కువుంటే బద్ధకిస్తుంది. వ్యానుకు పాత గేర్‌బాక్స్ పగిలినప్పుడు అదే రకం దొరకలేదు. పాత సామాన్ల బజారులో అదే కంపెనీ లోడు బండిది ఒకటి దొరికితే తెచ్చి బిగించాడు. లోడు బండి వెనక ఇరుసు లెక్క వేరు కనుక దాని పినియన్‌కు పళ్ళు ఎక్కువ. గేర్‌బాక్స్ మార్చినప్పుడు అది తీసి బండికి తగ్గది వెయ్యాలి. ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న మనిషికి తెలియని సంగతి కాదు.

గేర్‌బాక్స్ బిగించిన రోజు మర్నాటి నుంచి ప్రత్యేక రాష్ట్రం కోసం రెండు రోజుల బంద్. సాయంత్రానికే కుర్రాళ్ళు షట్టర్లు దించమంటూ బైకుల మీద తిరుగుతున్నారు. సగం షట్టరు దించి, లోపల బల్బు వేసుకుని గబగబా బిగించేశాడు. పినియన్ సంగతి బంద్ అయ్యాక చూద్దామనుకున్నాడు. బంద్ అయింది, రోడ్డు మీద వంటావార్పు అయింది, అందులో తనూ బాల్‌రాజూ పక్కపక్కన కూర్చుని పప్పన్నం తిన్నారు. పినియన్ మాత్రం గుర్తుకు రాలేదు. అలా మూడున్నర వారాలు గడిచిపోయాయి.

శనివారం ఒంటిపూట బడి. పిల్లలు వెళ్ళిపోయిన వేళ చూసుకుని మల్లేశం వనస్థలిపురం పోయాడు. ఆయిల్ చూడాలని వాచ్‌మన్‌తో చెప్పి, గోడ వారగా నిలిపి ఉన్న పాత వ్యాను కిందికి దూరాడు. కేబుల్ విప్పి, పినియన్ బయటికి లాగి, వెలుతురులో పెట్టి లెక్కపెట్టాడు. ఇరవై పళ్ళున్నాయి. రెండోసారి లెక్కపెట్టినా ఇరవయ్యే.

పదహారు ఉండాల్సిన చోట ఇరవై. ముల్లు నలభై చూపించినప్పుడు బండి యాభై మీద పోతున్నదన్నమాట. బాల్‌రాజ్ అబద్ధమాడలేదు. సీతారాములూ ఆడలేదు. ఇద్దరి మధ్యా అబద్ధం చెప్పింది మల్లేశం బిగించిన చక్రం.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే అతనికే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తప్పుడు ముక్క చేతిలో ఉంది, సరైన ముక్క జేబులో ఉంది. చెయ్యి దాని పని అది చేసేసింది. పదహారు పళ్ళది జేబులోంచి తీసి, గ్రీజు రాసి, లోపలికి తోసి, కేబుల్ బిగించేసింది. ముప్ఫై ఏళ్ళుగా తప్పు కనబడితే సరిచెయ్యడం తప్ప ఇంకో పని నేర్వని చెయ్యి అది. బయటికొచ్చి నల్లా దగ్గర సబ్బు రుద్దుకుంటుంటే అప్పుడు వెలిగింది, తనేం చేశాడో. ఇప్పుడా బండి మీటరు నిఖార్సుగా ఉంది. ఇక ఎవరు వచ్చి పరీక్షించినా నలభై అంటే నలభయ్యే. బాల్‌రాజ్ నిజం చెప్పాడనడానికి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చేతులారా ఊడబీకేశాడు.

ఇరవై పళ్ళ చక్రం చొక్కా జేబులో వేసుకుని షేర్ ఆటో ఎక్కాడు. ఊరుకుంటే తననెవరూ వేలెత్తి చూపరు. అసలు మెకానిక్ అనేవాడు ఒకడున్నాడనే ఎవరికీ తోచలేదు. బడి నాలుగు వ్యాన్ల పనీ తనదే, అది పోతే షెడ్డు కిరాయికి వెతుక్కోవాల్సిందే. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డా అది పోలేదు.

షెడ్డు దగ్గర మహేష్ కాచుక్కూర్చున్నాడు. డ్రైవర్ల సంఘంలో తిరిగే కుర్రాడు, ఉద్యమం మొదలయ్యాక మెడలో గులాబీ కండువా లేకుండా కనబడింది లేదు. సోమవారం పొద్దున బడి ముందు ధర్నా పెట్టామని చెప్పాడు. వంటావార్పులో కూర్చున్నాడని కక్షతోనే ఆంధ్రా యజమాని మన డ్రైవర్ పొట్ట కొట్టాడని పేపరువాళ్ళకు కూడా చెప్పేశారట. బండి కండిషన్ మంచిగుంది, మీటరులో ఏ తప్పూ లేదు, డ్రైవర్ నలభై మీదే నడిపాడు అని మెకానిక్‌గా మల్లేశం మైకులో రెండు ముక్కలు మాట్లాడితే చాలన్నాడు.

మల్లేశం జేబులోంచి చక్రం తీసి అతని చేతిలో పెట్టి, ఉన్నదంతా చెప్పాడు. మహేష్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మంచిదే అన్నా, నిజం చెప్పాల్సిందే. సోమారం దాటినంక చెప్పు. గిప్పుడు చెప్తే సార్ తప్పేం లేదని తేలుతది. నువ్వు మనోడివి కదా.”

“బాల్‌రాజ్ కూడ మనోడే. ఆయన్ని అబద్ధాలకోరు అన్నరు. సోమారం దాక ఆయన గట్లనే ఉండాల్నా?” అన్నాడు మల్లేశం.

మహేష్ చెడ్డవాడు కాదు. చక్రం తిరిగి ఇచ్చేసి, అన్నా నీ ఇష్టం అని బైకు స్టార్టు చేశాడు. కానీ వెళ్ళేటప్పుడు ఎప్పటిలా జై కొట్టలేదు. మల్లేశానికి అది నొచ్చింది. రాష్ట్రం రావాలని తనకు మాత్రం లేదా? ఎండలో కూర్చుని, పోలీసులు తరిమితే ఈ మోకాళ్ళతోనే ఉరికాడు. ఇప్పుడు నిజం చెప్తే పరాయివాడి పక్షం చేరినట్టు అయ్యేలా ఉంది. ఇంట్లో భార్య సత్తెమ్మతో చెప్తే ఆమె బియ్యం ఏరుతూ అంతా విని, పోయేదుంటే చీకటి పడక ముందే పోయిరా, నీళ్ళు పెడతా స్నానం చేసి పో అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

మల్లికార్జునరావు ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో. వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. మల్లేశం నిలబడే చెప్పాడు.  రావు పెన్ను మూత పెట్టి, ఇరవై పళ్ళ చక్రాన్ని తెల్లకాగితం మీద పెట్టుకుని స్వయంగా లెక్కపెట్టాడు.

“ఇది ఆ బండిదే అని నేనెట్లా నమ్మేది మల్లేశం? నువ్వే తీశానంటున్నావు, నువ్వే వేరేది వేశానంటున్నావు. అతను నీ స్నేహితుడు. రేపొచ్చి ఇంకేదో బిగించి చూపిస్తావు. ఎవరు అడిగినా ఇదే అడుగుతారు.”

 నిజమే కదా, అడగాల్సిన మాటే. సార్ ఒకవేళ నమ్మినా తను చేసిన తెలివితక్కువ పనికి ఆధారం ఎక్కడినుంచి తేగలడు? వెనక్కి తిరిగి మెట్టు దిగబోతూ, ఒక సంగతి తట్టి ఆగాడు. ఈ చక్రం ముల్లునే కాదు, మీటరు లోపలి కిలోమీటర్ల అంకెల్ని కూడా తిప్పుతుంది. ముల్లు తక్కువ చూపిస్తే అంకెలూ తక్కువే తిరుగుతాయి.

“సార్, రోజూ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో డ్రైవర్ రాసే బుక్కు ఉంటది కదా. ఒక్కసారి చూడున్రి.”

ట్రిప్పు పుస్తకాలు రావు దగ్గరే ఉంటాయి. శనివారం శనివారం ఇంటికి తెచ్చుకుంటాడు. పాత వ్యానుది తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అదే దారి, అవే ఇళ్ళు, అవే ట్రిప్పులు. జనవరి అంతా రోజుకు నలభై, నలభై, నలభై ఒకటి, నలభై. ఫిబ్రవరిలో బంద్ రెండు రోజులు ఖాళీ. ఆ మర్నాటి నుంచి ముప్ఫై రెండు. మళ్ళీ ముప్ఫై రెండు. మొన్న మంగళవారం దాకా అంతే. ప్రతి వరస చివరా పచ్చసిరాతో ఒక సంతకం, ఆయనదే.

లెక్కల మాస్టారుకు కాగితం అవసరం లేకపోయింది. పెదవులు కదిపి గుణించుకున్నాడు. పుస్తకం మూయకుండా, వేలితో తన సంతకాల వెంట కిందికి దిగాడు.

“రోజూ నేనే సంతకం పెట్టాను,” అన్నాడు చివరికి. “అతను ఉన్నదున్నట్టు రాశాడు. నేనే చూళ్ళేదు.”

 మల్లేశానికి ఆయన్ని చూస్తే జాలేసింది. తన తప్పు బరువు ఇంకొకరి నెత్తిన కూడా కాస్త పడిందని తేలిక కూడా పడ్డాడు, ఆ తేలికకు తనను తానే తిట్టుకున్నాడు. వ్యాన్ల పని సంగతి నీతో తర్వాత మాట్లాడతానని రావు గేటు దాకా వచ్చి చెప్పాడు. కోపంగా అనలేదు. అయినా ఆ మాట అర్థం మల్లేశానికి తెలుసు.

ఆదివారం ఉదయం ఏడింటికి రావు స్వయంగా పాత వ్యాను తోలుకుని షెడ్డు ముందుకు వచ్చాడు. బాల్‌రాజ్ అప్పటికే అక్కడున్నాడు, మల్లేశం కబురు పెట్టి పిలిపించాడు. రావు దిగి, తొందరపడి మాటన్నానని, అబద్ధమన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి తాళంచెవి చాపాడు. రోడ్డు మీద, నలుగురూ చూస్తుండగా చెప్పడం ఆయనకు తేలికైన పని కాదు.

బాల్‌రాజ్ తాళంచెవి తీసుకోలేదు. మల్లేశం వైపు తిరిగాడు.

“అంటే నేను యాభై మీద తోలిననే అంటున్నవా అన్నా?”

మీటరు అట్ల చూపించిందిరా, నీ తప్పు కాదు అన్నాడు మల్లేశం.

“మీటర్ ఎవరిక్కావాలె? నాకు చెవి ఉంది. ఇరవై ఏండ్ల సంది ఇంజను సప్పుడు మీద తోలుతున్న. నలభై ఎంతనో, యాభై ఎంతనో నాకు మీటర్ చెప్పాల్నా? పిల్లల్ని ఎక్కించుకోని యాభై పోయిన్నంటే నేను ఒప్పుకోను.”

ఇది మల్లేశం అనుకోనిది. సార్‌ని నమ్మించడానికి నిన్న అంత తంటాలు పడ్డాడు కానీ, బాల్‌రాజ్‌ని నమ్మించాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. పుస్తకంలో అంకెలు చూపిస్తే, అంకెలు నాకు తెలవదు, తోలింది నేను అంటున్నాడు. అతను ఇన్ని రోజులుగా పట్టుకుని వేలాడుతున్నది ఉద్యోగాన్ని కాదు, నలభై అనే ఆ ఒక్క మాటని. ఇప్పుడు అతని పక్షాన మాట్లాడేవాళ్ళే దాన్ని లాక్కుంటున్నారు.

మల్లేశం గోనెసంచి పరుచుకుని బండి కిందికి పోయాడు. పదహారు పళ్ళది ఊడదీసి, ఇరవై పళ్ళది తిరిగి పెట్టాడు. తప్పని తెలిసి తెలిసి ఒక ముక్క బిగించడం బతుకులో అదే మొదటిసారి. చెయ్యి రెండుసార్లు జారింది.

ముగ్గురూ విజయవాడ రోడ్డు పట్టారు. పెద్ద అంబర్‌పేట దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. బాల్‌రాజ్ స్టీరింగు మీద, పక్కన రావు, వెనక పిల్లల సీటులో ఇరుక్కుని మల్లేశం. ముల్లు నలభై మీద నిలబెట్టి పట్టుకోమన్నాడు మల్లేశం. ఐదో గేరులో ఇంజను సన్నగా గొణుగుతోంది. కిలోమీటరు రాయి రాగానే రావు చేతిగడియారం చూశాడు. తర్వాతి రాయి దగ్గర మళ్ళీ చూశాడు.

“డెబ్బై రెండు సెకన్లు. నలభై మీద అయితే తొంభై పట్టాలి బాల్‌రాజ్,” అన్నాడు మెల్లగా.

ఇంకొకసారి చూడున్రి అన్నాడు బాల్‌రాజ్. డెబ్బై రెండు. ఈసారి గడియారం తనే తీసుకుని, స్టీరింగు మీద పెట్టుకుని చూశాడు. డెబ్బై మూడు. అప్పుడు అతనికి ఇంజను చప్పుడు మొదటిసారి వినబడినట్టుంది. పాత గేర్‌బాక్స్‌కు నాలుగే గేర్లు, యాభై అందుకుంటే బండి అరిచేది. ఈ ఐదో గేరు అరవదు. మీటరూ చెవీ రెండూ కూడబలుక్కుని అతన్ని ముంచాయి. బండిని పక్కకు తీసి ఆపాడు.

మల్లేశం మట్టిలోనే పడుకుని పినియన్ మార్చాడు. మళ్ళీ బయల్దేరితే అదే నలభై మీద రాయికీ రాయికీ తొంభై సెకన్లు పట్టింది. లారీలు, ఆటోలు, చివరికి ఒక పాల బండి కూడా దాటిపోయాయి. ఇంత మెల్లగనా అని బాల్‌రాజ్ తనలో తను అనుకున్నట్టు అన్నాడు. రావు ఏదో ఓదార్పు మాట మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు.  తిరుగుదారిలో బాల్‌రాజ్ మహేష్‌కు ఫోను చేసి, ధర్నా వద్దు తమ్మీ, నేను యాభై మీదనే తోలిన అని చెప్పి పెట్టేశాడు. అవతల అతను ఏమన్నాడో వినలేదు.

ఎల్బీనగర్ చౌరస్తాలో షెడ్డు వైపు తిరగాల్సిన బండి తిరగలేదు. మీర్‌పేట్ రోడ్డు పట్టింది. ఎక్కడికని రావు అడగబోయి, బాల్‌రాజ్ ముఖం చూసి ఊరుకున్నాడు.

సీతారాములు ఇంటి ముందు స్కూటరు కడుగుతున్నాడు. వ్యానుని, అందులోంచి దిగిన మనిషిని చూసి పైపు కింద పడేసి గేటు దగ్గరికి వచ్చాడు. ధర్నా సంగతి అతని దాకా కూడా వచ్చినట్టుంది, గొడవకు సిద్ధంగానే వచ్చాడు. బాల్‌రాజ్ గేటు బయటే నిలబడ్డాడు.

“సార్, నలభై అన్న. మూడు దినాలు అదే అన్న. తప్పు. బండి యాభై మీదనే ఉండె. మీరు చెప్పిందే నిజం.”

 ఇంత కోపం కూడబెట్టుకుని ఉన్నవాడికి అవతలి పక్షం ఇట్లా చేతులెత్తేస్తే ఏం చెయ్యాలో తెలియదు. మల్లేశం గబగబా ముందుకొచ్చి, మీటరు తప్పు సార్, బిగించింది నేను అని అందుకోబోయాడు. బాల్‌రాజ్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

“నువ్వు చేసింది నువ్వు చెప్పుకో అన్నా, వద్దనను. గని తోలింది నేను. పిల్లలు ఎక్కేది మీటర్‌ను చూసి కాదు.”

సాయిప్రియ వాకిట్లోకి వచ్చి తండ్రి వెనక నిలబడింది. కింది పెదవి వాచి నల్లగా ఉంది. బాల్‌రాజ్ మోకాళ్ళ మీద కూర్చుని, నొప్పుందా బిడ్డా అని అడిగాడు. ఆ పిల్ల నోరు తెరవకుండా రెండు వేళ్ళు చూపించింది, రెండు కుట్లని. పని పోయినప్పుడు రాని ఏడుపు అతనికి అప్పుడు వచ్చింది. దాచుకోలేదు. రావు కూడా బండి దిగి వచ్చి, చెప్పులు విప్పాలో వద్దో తెలియనట్టు గేటు పక్కన నిలబడ్డాడు.

పైపులోంచి నీళ్ళు రోడ్డు మీదికి పారుతున్నాయి. ఎవరూ కట్టెయ్యలేదు.

“రేపటి నుంచి బండి మీద ఎవరుంటరు?” అని సీతారాములు అడిగాడు. అడిగింది రావునే, కానీ రావు బాల్‌రాజ్ వైపు చూశాడు.

“సార్ తీసుకుంటనే అన్నడు. నేనే ఎటూ చెప్పలే,” అన్నాడు బాల్‌రాజ్ లేస్తూ. “మీ పిల్లను ఎక్కిస్తే తోలుత. మీరు ఎక్కియ్యనంటే, ఇంకెవరి పిల్లల్ని ఎక్కిచ్చుకునే ముఖం నాకు లేదు.”

సీతారాములు వెళ్ళి నల్లా కట్టేశాడు. పైపు చుట్టలు చుట్టి గోడకు తగిలించాడు. అంతసేపూ ముగ్గురూ గేటు బయటే నిలబడ్డారు. అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కూతురి తల మీద చెయ్యి వేశాడు.

“రేపు దవాఖానల కుట్లు విప్పుతరు,” అన్నాడు. “మంగళారం నుంచి ఒస్తది.”